లైబ్రరీ సెస్సు కోసం ఒక ఏడాది: ప్రాజెక్టు డైరీ

మా పట్టణంలోని శాఖా గ్రంథాలయానికీ జిల్లాలోని మిగతా లైబ్రరీలకూ రావలసిన డబ్బు వచ్చేలా చేయడానికి ఐదుగురం ఒక ఏడాదిగా చేస్తున్న పని ఇది. ఆంధ్రప్రదేశ్‌లో మరో ఊరివాళ్ళు ఇదే పని మొదలుపెడితే మేం చేసిన తప్పులు వాళ్ళు చేయకూడదని రాస్తున్నాను. ఊరి పేరు, ఆఫీసుల పేర్లు, మనుషుల పేర్లు రాయడం లేదు. పని చేసే పద్ధతి ఎక్కడైనా ఒకటే.

ముందు తెలియాల్సిన విషయం ఒక్కటే. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు ఉంటుంది. దాన్ని పన్నుతో కలిపి మున్సిపాలిటీ లేదా పంచాయతీ వసూలు చేస్తుంది. వసూలైన సెస్సును జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపాలి. సంస్థ ఆ డబ్బుతో జిల్లాలోని లైబ్రరీలను నడుపుతుంది. అంటే ఇల్లున్న ప్రతివాళ్ళూ లైబ్రరీకి ఇప్పటికే డబ్బు కడుతున్నారు. ఈ సంగతి మాకు మొదటి రోజు నుంచీ తెలుసు. కానీ దాన్ని జనం ముందు ఎలా పెట్టాలో తెలియడానికి ఐదు నెలలు పట్టింది.

జట్టు: రిటైరైన మాస్టారు ఒకరు, మా వీధి అక్క ఒకరు, గ్రూప్స్‌కు చదువుతున్న కుర్రాళ్ళు ఇద్దరు, నేను. నాకు ఉద్యోగం వచ్చింది ఆ లైబ్రరీ కిటికీ పక్క బల్ల మీద చదివే. అందుకే ఈ పనిలోకి దిగాను.

దశ 1: ఎంతమంది వస్తున్నారు? (నవంబరు)

ఎవరి దగ్గరికి వెళ్ళినా మొదట అడిగే ప్రశ్న "అసలు లైబ్రరీకి ఎవరొస్తున్నారండీ?" అనే. గుమ్మం దగ్గర సంతకాల రిజిస్టరు ఉంది. అందులో రోజుకు 58 సంతకాలు ఉంటున్నాయి. లోపల చూస్తే కుర్చీ దొరకదు. ఏదో తేడా ఉందని మేమే లెక్కపెట్టాం.

మొదటి వారం లెక్క మొత్తం పారేయాల్సి వచ్చింది. గంటకోసారి లోపలికి వెళ్ళి కూర్చున్నవాళ్ళను లెక్కపెట్టి అన్నీ కలిపాం. రోజుకు 290 వచ్చింది. సంతోషపడ్డాం. రెండు రోజుల తర్వాత అక్క అడిగింది: "పొద్దున మూడు గంటలు కూర్చున్న పిల్లాణ్ణి ముగ్గురుగా రాశారు కదా?" నిజమే. ఆ 290 పట్టుకుని ఆఫీసుకు వెళ్ళి ఉంటే మొదటి రోజే మా మాటకు విలువ పోయేది.

రెండో వారం పద్ధతి మార్చాం.

1. గుమ్మం బయట ఒక మనిషి. లోపలికి వచ్చిన ప్రతివాళ్ళకూ ఒక గీత. బయటికి వెళ్ళేవాళ్ళకు గీత లేదు.
2. టీకి వెళ్ళి అరగంటలో తిరిగొచ్చినవాళ్ళకు రెండోసారి గీత లేదు. ఇందుకు ముఖాలు గుర్తుపట్టే మనిషి కావాలి. కుర్రాళ్ళిద్దరూ ఆ పని చేశారు.
3. మధ్యాహ్నం మూసి సాయంత్రం తీశాక వచ్చినవాళ్ళు కొత్త రాక కింద లెక్క. అందుకే మా కాగితాల్లో 'మనుషులు' అని రాయలేదు, 'రాకలు' అని రాశాం.
4. ఆడవాళ్ళు, మగవాళ్ళు, పిల్లలు వేరు వేరు వరుసలు.
5. రోజుకు ఒకసారి, రద్దీ ఎక్కువున్న వేళ, కుర్చీలు ఎన్ని, మనుషులు ఎంతమంది.

శుక్రవారం లైబ్రరీకి సెలవు కాబట్టి వారానికి ఆరు రోజులు. ఆరు రోజులకు 786 రాకలు, రోజుకు 131. అదే ఆరు రోజుల్లో రిజిస్టరులో 348 సంతకాలు. సగం కంటే ఎక్కువమంది సంతకమే పెట్టడం లేదన్నమాట. పైకి వెళ్ళే నెలవారీ లెక్కల్లో ఆ సగం మంది లేరు. కారణం చాలా చిన్నది: రిజిస్టరు లైబ్రేరియన్ గారి బల్ల మీద, గుమ్మానికి దూరంగా ఉంది. పెన్ను ఎప్పుడూ ఉండదు. ఆయన్ని అడిగి రిజిస్టరును గుమ్మం పక్కకు మార్చి, పెన్నుకు దారం కట్టాం. తర్వాతి వారం సంతకాలు రోజుకు 104. మా ఏడాది పనిలో ఖర్చు లేకుండా వెంటనే ఫలితం ఇచ్చింది ఇదొక్కటే. మీరు ఇంకేమీ చేయకపోయినా ఇది చేయండి.

కుర్చీలు 36. రద్దీ వేళ మనుషులు 51. మిగతావాళ్ళు వరండా మెట్ల మీద కూర్చుని చదువుతున్నారు.

786 రాకల్లో ఆడవాళ్ళవి 94. అక్క వాళ్ళలో కొందరితో మాట్లాడింది. దాదాపు అందరూ చెప్పింది ఒకటే: ఆడవాళ్ళకు బాత్రూం లేదు, గంటకు మించి కూర్చోలేం. మేం అప్పటిదాకా అనుకున్న కోరికల జాబితాలో బాత్రూం లేదు. ఆ రోజు దాన్ని చేర్చాం.

ఒక జాగ్రత్త. లైబ్రేరియన్ గారు ఉద్యోగి. ఆయన్ని మన పనిలోకి లాగకూడదు. మా కాగితాల్లో ఎక్కడా ఆయన మాట, సంతకం లేవు. లెక్క మాది, బాధ్యత మాది.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 240 (నోటు పుస్తకాలు, పెన్నులు, జిరాక్సు). పని 72 గంటలు.

దశ 2: సంతకాల సేకరణ (డిసెంబరు)

ఈ దశ దాదాపు మొత్తం వృథా. అందుకే వివరంగా రాస్తున్నాను.

నవంబరు 14 నుంచి 20 దాకా గ్రంథాలయ వారోత్సవాలు జరుగుతాయి. ఆ ఊపు మిగిలి ఉందనుకుని డిసెంబరు మొదట్లోనే బ్యానరు కట్టాం. 'మన గ్రంథాలయాన్ని కాపాడుకుందాం' అని పెద్ద అక్షరాలు. 19 రోజుల్లో 1,140 సంతకాలు వచ్చాయి. కట్ట కట్టి ఆఫీసులో ఇచ్చాం. అందినట్టు ముద్ర వేశారు. అంతే.

తర్వాత ఒక కౌన్సిలర్ గారిని కలిశాం. ఆయన మర్యాదగానే మాట్లాడారు. కాగితాలు తిరగేసి ఒకటే అడిగారు: "మాస్టారూ, ఇందులో మా వార్డువాళ్ళు ఎంతమంది?"

మా దగ్గర జవాబు లేదు. కాగితం మీద రెండే గడులు: పేరు, సంతకం. పైగా ఆ సంతకాల్లో ఏడు వందల దాకా రెండు కాలేజీల దగ్గర తీసుకున్నవి. ఆ పిల్లల్లో చాలామందిది పక్క మండలాలు, ఇక్కడ హాస్టళ్ళలో ఉంటారు. వాళ్ళకు లైబ్రరీ అవసరం అందరికంటే ఎక్కువే. కానీ కౌన్సిలర్ జవాబు చెప్పుకోవాల్సింది తన వార్డు ఓటరుకు. ఆయన ప్రశ్నలో తప్పేమీ లేదు, మా కాగితంలోనే తప్పుంది.

ఇంకో తప్పు కోరికది. తొమ్మిది కోరికలు రాశాం: కొత్త పుస్తకాలు, కుర్చీలు, ఫ్యాన్లు, కంప్యూటర్లు, సమయం పెంపు, ప్రహరీ, బాత్రూం, మంచినీళ్ళు, మరో ఉద్యోగి. ఇవన్నీ ఒకే ఆఫీసు చేసేవి కావు. తొమ్మిది కోరికల కాగితానికి ఎవరైనా ఇచ్చే జవాబు "పరిశీలిస్తాం" అనే.

మార్చినవి:

1. సంతకం కాగితంలో వార్డు నంబరు, వీధి పేరు గడులు తప్పనిసరి.
2. ఒక కాగితం మీద ఒకే వార్డు. తర్వాత విడదీసే పని ఉండదు.
3. 'మేం పెట్టే సమావేశానికి వస్తారా?' అని ఒక గడి. అవును, కాదు.
4. కోరిక ఒక్కటే: వసూలైన సెస్సు సంస్థకు చేరాలి.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 1,440 (బ్యానరు 900, జిరాక్సు 300 కలిపి). పని 132 గంటలు. పనికొచ్చే సంతకాలు 0.

దశ 3: సమాచార హక్కు దరఖాస్తులు (జనవరి – మార్చి)

వసూలెంత, పంపిందెంత? ఇది తెలియకుండా ముందుకు పోలేం.

మున్సిపాలిటీకి పెట్టిన మొదటి దరఖాస్తులో 'సెస్సు సంస్థకు ఎందుకు చెల్లించడం లేదు?' అని అడిగాం. 27వ రోజున జవాబు వచ్చింది: ఇది సమాచారం కిందికి రాదు. వాళ్ళు చెప్పింది సరైనదే. 2005 నాటి సమాచార హక్కు చట్టం ఆఫీసులో కాగితం మీద ఉన్నదాన్ని ఇప్పిస్తుంది. కారణాలు చెప్పమని, సంజాయిషీ ఇమ్మని అడిగితే పనిచేయదు. ఆ ఒక్క వాక్యం వల్ల నెల పోయింది.

రెండోసారి ఇలా రాశాం:

1. గడిచిన ఐదు ఆర్థిక సంవత్సరాలకు, ఏడాదివారీగా, ఇంటి పన్ను డిమాండ్ ఎంత, వసూలు ఎంత.
2. అదే కాలంలో గ్రంథాలయ సెస్సు పద్దు కింద వసూలైన మొత్తం.
3. జిల్లా గ్రంథాలయ సంస్థకు పంపిన ప్రతి చెల్లింపు తేదీ, మొత్తం.
4. పై వివరాలున్న రిజిస్టరు పేజీల నకళ్ళు.

ఇదే పని రెండో వైపు నుంచి కూడా చేయాలి. సంస్థకు వేరే దరఖాస్తు పెట్టి 'మా పట్టణం నుంచి మీకు అందిన ప్రతి మొత్తం, తేదీ' అడిగాం. పంపినవాళ్ళ లెక్క, అందుకున్నవాళ్ళ లెక్క పక్క పక్కన పెడితేనే నిజం తెలుస్తుంది.

రెండు జవాబులూ ముప్ఫై రోజుల లోపే వచ్చాయి. పక్క పక్కన పెడితే ఏ ఏడాదీ కలవలేదు. ఒక రాత్రంతా కుర్రాళ్ళు, నేను కూర్చుని తలలు పట్టుకున్నాం. మాస్టారు ఉదయం వచ్చి తేదీలు చూసి విప్పారు. ఒక ఆఫీసు చెక్కు రాసిన తేదీతో లెక్క రాసింది, ఇంకోటి బ్యాంకులో జమైన తేదీతో. మార్చి చివర్లో రాసిన చెక్కు ఏప్రిల్‌లో జమైతే ఏడాదే మారిపోతుంది. ఐదేళ్ళూ కలిపి చూస్తే రెండు లెక్కల మధ్య తేడా దాదాపు లేదు. కాబట్టి ఏడాదివారీ అంకెలతో ఎవరి మీదా ఆరోపణ చేయకండి. కలిపిన మొత్తమే చూపించండి.

కలిపితే తేలింది: ఐదేళ్ళలో వసూలైన సెస్సులో ప్రతి 100 రూపాయలకు 43 రూపాయలు సంస్థకు చేరాయి.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 1,700 (దరఖాస్తుకు 10 చొప్పున మూడు, నకళ్ళు 46 పేజీలు పేజీకి 2 చొప్పున, మిగతాది పోస్టు). పని 146 గంటలు.

దశ 4: కరపత్రంలో లెక్క తప్పు (మార్చి)

అంకె చేతికి రాగానే తొందరపడి 1,000 కరపత్రాలు అచ్చువేయించాం. పంచడానికి ముందు రోజు, ఆఫీసులో పద్దులు చూసే ఉద్యోగి ఒకరికి మర్యాదగా ఒకటి చూపించాం. ఆయన రెండు నిమిషాల్లో రెండు తప్పులు చూపించారు. ఆయనకు మేం రుణపడి ఉన్నాం.

మొదటి తప్పు: 'మీ రసీదులోని మొత్తంలో 8 శాతం లైబ్రరీది' అని రాశాం. సెస్సు పన్ను పైన వేసేది. రసీదు మొత్తంలో పన్ను, సెస్సు రెండూ కలిసి ఉంటాయి. పన్ను 2,500 అయితే సెస్సు 200, మొత్తం 2,700. మేం రాసిన పద్ధతిలో 2,700కి 8 శాతం లెక్క కడితే 216 వస్తుంది. సరైన దారి: మొత్తాన్ని 108తో భాగించి 8తో గుణించాలి. అది కూడా రసీదులో ఆలస్య వడ్డీ, నీటి ఛార్జీ లాంటివి కలిసి లేనప్పుడే. రసీదులో సెస్సు వేరే వరుసగా చూపించి ఉంటే లెక్కే అక్కర్లేదు, ఉన్న అంకె చూపిస్తే చాలు.

రెండో తప్పు పెద్దది. బకాయి మొత్తాన్ని డిమాండ్ మీద లెక్క కట్టాం. డిమాండ్ అంటే రావలసింది. వసూలు అంటే వచ్చింది. జనం కట్టని పన్ను మీద సెస్సును ఆఫీసు పంపలేదని నిందించడం అన్యాయం. వసూలు మీద లెక్క కడితే బకాయి మేం అచ్చువేసినదానికంటే చాలా తగ్గింది. తగ్గినా సరే, అదే నిజమైన అంకె.

1,000 కరపత్రాలూ పక్కన పెట్టాం. అప్పటి నుంచి నియమం: ఏ అంకె అచ్చుకు వెళ్ళాలన్నా జట్టులో ఇద్దరు విడివిడిగా లెక్క కట్టి చూడాలి, ఆ తర్వాత పద్దులు తెలిసిన బయటి మనిషి ఒకరు చూడాలి.

ఇంకో మార్పు కూడా అప్పుడే చేశాం. కరపత్రంలో సగం చరిత్ర ఉండేది: 1914లో బెజవాడలో జరిగిన గ్రంథాలయ మహాసభ, గ్రంథాలయోద్యమాన్ని నడిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారు, 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం, 1935లో కాలువ మీద తిరిగిన పడవ లైబ్రరీ. నాకు ప్రాణమైన విషయాలు ఇవి. కానీ గుమ్మంలో నిలబడి కాగితం చదివే మనిషికి అంత తీరిక ఉండదు. చరిత్రను కరపత్రంలోంచి తీసి, సమావేశంలో మాస్టారు మాట్లాడేదానిలో పెట్టాం. అక్కడ అది బాగా పనిచేసింది. డెబ్భై దాటిన ఒకాయన లేచి, తన చిన్నప్పుడు ఇంటింటికీ తిరిగి లైబ్రరీకి పుస్తకాలు పోగుచేసిన సంగతి చెప్పారు. ఆ తర్వాత ఆయన ప్రతి సమావేశానికీ వచ్చారు.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 3,000 (ఇందులో 1,300 వృథా అయిన కరపత్రాలవి). పని 166 గంటలు.

దశ 5: ఏం చెబితే జనం కదులుతారు? (ఏప్రిల్)

మా పనిలో మలుపు ఇక్కడే. మూడు రకాల మాటలు తయారుచేసుకుని, ఒక్కో మాటతో 40 ఇళ్ళకు వెళ్ళాం.

మొదటి మాట: 'లైబ్రరీ పాడైపోతోంది, కాపాడుకుందాం.' కుర్రాళ్ళు వెళ్ళారు. 40 ఇళ్ళలో 31 సంతకాలు. సమావేశానికి వస్తామన్నవాళ్ళు 3.

రెండో మాట: 'పిల్లల చదువుకు లైబ్రరీ కావాలి.' అక్క వెళ్ళింది. సంతకాలు 33. వస్తామన్నవాళ్ళు 5.

మూడో మాట: 'మీ ఇంటి పన్ను రసీదు ఒకసారి తెస్తారా? ఇందులో లైబ్రరీ సెస్సు ఇదిగో. ఇది మీరు కట్టేశారు. ఇందులో సగం కూడా లైబ్రరీలకు చేరలేదు.' మాస్టారు వెళ్ళారు. సంతకాలు 22 మాత్రమే. వస్తామన్నవాళ్ళు 14.

మాస్టారి దగ్గర సగం ఊరు చదువుకుంది. ఆయన ఏం చెప్పినా వస్తామంటారేమో అన్న అనుమానం వచ్చింది. అందుకని మూడో మాటనే కుర్రాళ్ళకు ఇచ్చి వేరే వీధిలో 40 ఇళ్ళకు పంపాం. సంతకాలు 20, వస్తామన్నవాళ్ళు 11. బలం మాటదేనని అప్పుడు నమ్మాం. 160 ఇళ్ళు చిన్న లెక్కే, మీ ఊళ్ళో వేరేగా ఉండొచ్చు. మీరూ ఇలాగే మాటనూ మనిషినీ మార్చి చూడండి.

అసలు కొలత సమావేశం రోజు దొరికింది. మొదటి మాట విన్నవాళ్ళలో వచ్చినవాళ్ళు ఎవరూ లేరు. రెండో మాటకు ఒకరు. మూడో మాటకు తొమ్మిది మంది. సంతకం సులువుగా పెట్టినవాళ్ళు ఇంట్లోనే ఉండిపోయారు. రసీదు వెతికి తెచ్చి, కళ్ళజోడు పెట్టుకుని ఆ వరుస చదివినవాళ్ళు వచ్చారు. 'కాపాడండి' అంటే సాయం అడిగినట్టు ఉంటుంది. 'ఇది మీ డబ్బు' అంటే వాళ్ళ పనే వాళ్ళకు గుర్తుచేసినట్టు ఉంటుంది.

అయితే ఈ మాటలో ఒక ప్రమాదం ఉంది, మేం ఊహించలేదు. మొదటి 40 ఇళ్ళలో ఆరుగురు "అయితే ఇక పన్నే కట్టం" అన్నారు. మేం కోరుకునేదానికి ఇది పూర్తిగా ఎదురు. పన్ను ఆగితే సెస్సూ ఆగుతుంది, వీధి దీపాలూ ఆగుతాయి. ఆ సాయంత్రమే మాట మార్చాం. మొదటి వాక్యం: 'పన్ను తప్పకుండా కట్టండి, రసీదు దాచుకోండి.' ఆ తర్వాతే సెస్సు సంగతి. రెండో వీధిలో పన్ను కట్టబోమన్నవాళ్ళు ఒక్కరు.

ఇళ్ళలో ఇంకో ఇబ్బంది, చాలామందికి రసీదు ఎక్కడుందో తెలియదు. రసీదు చేతిలో ఉన్న మనిషి ఎక్కడ దొరుకుతాడు? పన్ను కౌంటరు దగ్గర. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా కడితే 5 శాతం తగ్గింపు ఉంటుంది కాబట్టి ఆ చివరి రోజుల్లో క్యూ ఉంటుంది. మూడు రోజులు కౌంటరు ఆవరణ బయట నీడలో నిలబడ్డాం.

1. కట్టడానికి వెళ్ళేవాళ్ళను ఆపకూడదు. కట్టి బయటికి వచ్చినవాళ్ళతోనే మాట.
2. రసీదు మన చేతిలోకి తీసుకోకూడదు. వాళ్ళే పట్టుకుంటారు, మనం వేలితో సెస్సు వరుస చూపిస్తాం.
3. వార్డు, వీధి, పేరు, సంతకం. అంతకంటే వద్దు.

మూడో నియమం మొదటి రోజు తప్పు తర్వాత వచ్చింది. పన్ను అసెస్‌మెంట్ నంబరు కూడా రాసుకున్నాం, లెక్కకు బలం ఉంటుందని. ఒకామె "అది మీకెందుకు బాబూ?" అని అడిగారు. ఆ నంబరుతో ఎవరైనా వాళ్ళ పన్ను వివరాలు చూడొచ్చు. మనకు అవసరం లేని వివరం మన దగ్గర ఉండకూడదు. ఆమె ఎదుటే ఆ గడి ఉన్న కాగితాలు చించి, మళ్ళీ రాయించుకున్నాం.

మూడు రోజుల్లో 212 సంతకాలు. ఇళ్ళ దగ్గరివి 106. మొత్తం 318, అన్నిటికీ వార్డు నంబరు ఉంది.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 3,450 (సరిచేసిన చిన్న కరపత్రాలు 450). పని 230 గంటలు.

దశ 6: వార్డులు, కౌన్సిలర్లు (మే – జులై)

గోడకు పట్టణం పటం అంటించి వార్డుకు ఎన్ని సంతకాలో గుండు సూదులు గుచ్చాం. 30 వార్డుల్లో తొమ్మిదిటిలో ఒక్కటీ లేదు. 318 అని గర్వంగా చెప్పుకుంటున్న మాకు అది పెద్ద దెబ్బ. లైబ్రరీకి దూరంగా, కొత్తగా కట్టిన కాలనీలు అవి. రెండు నెలలు అక్కడే తిరిగాం. మరో 390 చేరాయి. మొత్తం 708. ప్రతి వార్డులో కనీసం 12, 24 వార్డుల్లో 20 దాటాయి.

కౌన్సిలర్లను కలిసేటప్పుడు మేం ఐదుగురం వెళ్ళడం మానేశాం. ఆ వార్డువాళ్ళు ముగ్గురు, మాలో ఒకరు. మాట్లాడేది వార్డువాళ్ళు. చేతిలో ఒకే కాగితం, మూడే వాక్యాలు:

1. ఇకపై ప్రతి నెలా వసూలైన సెస్సును మరుసటి నెల 15లోగా సంస్థకు పంపాలి.
2. పాత బకాయిని 12 వాయిదాల్లో చెల్లించాలి.
3. పంపిన తేదీ, మొత్తం నోటీసు బోర్డులో పెట్టాలి.

'ఫోన్లో అన్నీ ఉండగా లైబ్రరీ ఎందుకు?' అని చాలాచోట్ల అడిగారు. మొదట్లో వాదించేవాళ్ళం. తర్వాత మెట్ల మీద కూర్చుని చదువుతున్న పిల్లల లెక్క మాత్రం చెప్పేవాళ్ళం: 36 కుర్చీలు, 51 మంది. అది చాలు.

నన్ను నిజంగా ఆలోచింపజేసింది ఒక కౌన్సిలర్ గారి మాట. "పారిశుద్ధ్య కార్మికుల జీతాలకే ఇబ్బందిగా ఉంది. ముందు లైబ్రరీకి ఇమ్మంటారా?" అన్నారామె. మా కాగితంలో 'ముందుగా' అనే మాట ఉండేది. వెంటనే కొట్టేశాం. జీతాలకు ఎదురుగా లైబ్రరీని నిలబెట్టకూడదు. అది ధర్మం కాదు, పైగా అలా నిలబెడితే ఓడిపోయేది లైబ్రరీయే. మా మాట వేరే: ఈ డబ్బు మున్సిపాలిటీ ఖర్చుల్లోది కాదు, ఇంకొకరికి ఇవ్వడానికి వసూలు చేసింది. అలా చెప్పాక ఆమే మా తరఫున కౌన్సిల్ సమావేశంలో అడిగారు.

కౌన్సిల్ సమావేశంలో మనం మాట్లాడలేం. మన కోసం అడిగే సభ్యులు కావాలి, వాళ్ళ చేతిలో అంకెలున్న కాగితం ఉండాలి. అంతకుముందు రెండు సోమవారాలు కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా అర్జీ ఇచ్చి రసీదు తీసుకున్నాం. ఆ రసీదు నకలు కూడా కాగితానికి జతచేశాం.

జులైలో తీర్మానం అయింది. మొదటి కోరిక ఒప్పుకున్నారు. బకాయి దగ్గర 'నిధుల లభ్యతను బట్టి' అని చేర్చారు. మూడోది తీర్మానంలోకి రాలేదు. మూడింట ఒకటిన్నర అని డైరీలో రాసుకున్నాను.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 4,000. పని 315 గంటలు. వార్డు నంబరుతో సంతకాలు 708.

దశ 7: డబ్బు చేరాక (ఆగస్టు – నవంబరు)

నోటీసు బోర్డు వాళ్ళు పెట్టకపోతే మేమే పెట్టాం. లైబ్రేరియన్ గారిని ఇబ్బంది పెట్టకుండా, లైబ్రరీ ఎదుటి ఇంటాయన అనుమతితో ఆయన గోడకు చిన్న బోర్డు. జులై సెస్సు: ఆగస్టు 14న చేరింది. ఆగస్టుది: సెప్టెంబరు 12న. సెప్టెంబరుది: అక్టోబరు 15 దాటినా రాలేదు. ఖాళీ గడి అలాగే ఉంచాం. ఎవరినీ ఏమీ అనలేదు. దారిన పోయేవాళ్ళే కౌన్సిలర్లను అడిగారు. నవంబరు 6న అక్టోబరుదీ కలిపి పంపారు.

ఇక్కడ మా అతి పెద్ద తప్పు బయటపడింది. సెప్టెంబరులో ఒక తాత వచ్చి "డబ్బు చేరిందన్నారు, కుర్చీలేవి?" అని అడిగారు. ఇళ్ళ దగ్గర మాలో కొందరం 'ఈ డబ్బు వస్తే మన లైబ్రరీకి కుర్చీలు వస్తాయి' అని చెప్పాం. కానీ సెస్సు వెళ్ళేది జిల్లా సంస్థకు. జిల్లాలోని అన్ని లైబ్రరీల పుస్తకాలు, పత్రికలు, కరెంటు, అద్దెలు అందులోంచే నడవాలి. మా పట్టణం కట్టింది మా పట్టణానికే తిరిగి రావాలన్న నియమం లేదు, ఉండకూడదు కూడా. పన్ను తక్కువ వచ్చే చిన్న ఊళ్ళ లైబ్రరీలు బతికేది ఇలా కలిపి పంచుకోవడం వల్లే.

సమావేశం పెట్టి ఉన్నదున్నట్టు చెప్పాం: మేం మాట ఇవ్వకూడనిది ఇచ్చాం, కుర్చీల కోసం వేరే అర్జీ పెట్టాలి. ఇద్దరు కోపంగా లేచి వెళ్ళారు. ముప్ఫై మంది ఉన్నారు. ఆ ముప్ఫై మంది సంతకాలతో, దశ 1 లెక్కలు జతచేసి, సంస్థకు రెండే కోరికలు రాశాం: 24 కుర్చీలు, ఆడవాళ్ళకు బాత్రూం. నవంబరు లెక్క అక్కడ పనికొచ్చింది. గుమ్మం దగ్గరి రిజిస్టరులో ఇప్పుడు రోజుకు వందకు పైగా సంతకాలు ఉండటం ఇంకా ఎక్కువ పనికొచ్చింది, ఎందుకంటే అది వాళ్ళ సొంత లెక్క.

మీరు ఇంటింటికీ వెళ్ళేటప్పుడు 'మన లైబ్రరీకి' అనకండి. 'జిల్లాలోని లైబ్రరీలకు, అందులో మనదీ ఒకటి' అనండి. నాలుగు మాటలు ఎక్కువే, కానీ తర్వాత ఎవరి ముందూ తల దించుకోనక్కర్లేదు.

ఇప్పటిదాకా: ఖర్చు రూ. 4,380 (బోర్డు, రంగు 380). పని 345 గంటలు. చేరిన నెలలు 4. పాత బకాయిలో వచ్చిన వాయిదాలు 1.

నవంబరు 22

20 కుర్చీలు వచ్చాయి. అడిగింది 24. సాయంత్రం రద్దీ వేళ మళ్ళీ లెక్కపెట్టాం: కుర్చీలు 56, మనుషులు 63. మెట్ల మీద ఏడుగురు.

బాత్రూం కోసం ఇంజినీరు గారు వచ్చి టేపుతో కొలిచి వెళ్ళారు. వెనక ప్రహరీ పక్కన 6 అడుగుల వెడల్పు ఉంది, సరిపోతుందన్నారు. అంచనా కాగితం ఇంకా రాలేదు. అక్క డిసెంబరు 15 దాకా చూసి, ఆ తర్వాతి సోమవారం గ్రీవెన్స్‌కు వెళ్తానంది. అర్జీ రాసి పెట్టుకున్నాం. తేదీ గడి ఒక్కటే ఖాళీగా ఉంది.